రెండో సాక్ష్యం

సంపూర్ణ సాక్ష్యం చెప్పడానికి లేచిందంటే మణుగూరు కాలనీ చర్చిలో చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేస్తారని చెప్పుకొనేవాళ్లు. అందులో కొంత అబద్ధం ఉంది. చంటిపిల్లలు ఎవరి మాటా వినరు. పెద్దవాళ్లు మాత్రం నోరు తెరుచుకుని వినేవాళ్లు. ఆదివారం పాటలు అయ్యాక, ప్రసంగానికి ముందు, దేవుడు తనకు చేసిన మేలును ఎవరైనా లేచి నలుగురి ముందూ చెప్పుకోవడం అక్కడి ఆచారం. దాన్నే సాక్ష్యం అంటారు. కొందరు రెండు ముక్కలు గొణిగి కూర్చుంటారు. ఇంకొందరికి మైకు ఇస్తే అన్నాల వేళ దాటిపోతుంది. సంపూర్ణ ఆ రెండు రకాలూ కాదు. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ కొంగు కళ్లకద్దుకోవాలో ఆమెకు పుట్టుకతోనే తెలుసు.

ఆరేళ్ల కిందట ఆమె చెప్పిన సాక్ష్యానికి అన్నిటికన్నా ఎక్కువ పేరొచ్చింది. అప్పటికి ఆమెకు ముప్పై ఎనిమిది. నెలసరి పదిహేను రోజులైనా ఆగడం లేదని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లింది. అక్కడి డాక్టరు స్కానింగ్ ఫొటోను ఒకసారి వెలుతురుకు ఎత్తి, గర్భసంచి చెడిపోయింది, ఉంచుకుంటే క్యాన్సరే అన్నాడు. కూతురు పెద్దదైంది, ఇంక ఆ సంచితో మీకు పనేముంది అని కూడా అన్నాడు. పాత సైకిలు అమ్మెయ్యమన్నంత తేలిగ్గా అన్నాడు. భర్త ప్రభు గనిలో డంపర్ నడుపుతాడు. ఇల్లంత బండిని ఒంటిచేత్తో తిప్పే మనిషి, ఆ డాక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడి, వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేశాడు. నెల తిరిగేసరికి సంపూర్ణ తెల్లచీర కట్టుకుని చర్చిలో లేచింది. భయపడకండమ్మా, దేవుడు డాక్టరు చెయ్యి పట్టుకుని నడిపించాడు, ఒక్క పూటలో నా బాధ తీరిపోయింది అని చెప్పింది. ఆ రోజు స్తోత్రాలతో చర్చి పైరేకులు మోగాయి.

ఆ మాట పట్టుకుని చర్చిలో ఎనిమిదిమంది ఆడవాళ్లు అదే ఆసుపత్రిలో అదే ఆపరేషన్ చేయించుకున్నారు. చర్చితో ఏ సంబంధమూ లేని తొమ్మిదో మనిషి ఒకతె ఉంది. ఆమె పేరు జంపక్క.

జంపక్కది తునికిగుంపు అనే అడవి పల్లె. ప్రతి మంగళవారం అడ్డాకులతో కుట్టిన విస్తర్ల కట్టలు నెత్తిన పెట్టుకుని కాలనీకి వచ్చేది. అమ్ముడయ్యాక సంపూర్ణ వరండాలో కూర్చుని టీ తాగేది. సంపూర్ణ పక్కనే కూర్చుని బైబిలు చదువుకొనేది. అక్షరాల కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదవడం ఆమె అలవాటు. జంపక్కకు ఆ దేవుడితో పనిలేదు, ఆమె దేవతలు ఆమెకున్నారు. ఆ వేలిని చూడటం మాత్రం ఇష్టం. "చీమ పోయినట్టు పోతది అక్కా నీ వేలు," అని నవ్వేది. ఇద్దరికీ మూడేళ్లే తేడా. కాలనీలో ఇన్ని ఇళ్లుండగా సంపూర్ణకు మనసు విప్పి మాట్లాడే తోడు ఆ ఒక్క మంగళవారమే.

జంపక్కకు కూడా రక్తం ఆగకపోతే సంపూర్ణే దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆపరేషన్ ముందు నర్సు ఒక కాగితం తెచ్చి వేలుముద్ర వెయ్యమంది. జంపక్క ఆ కాగితాన్ని సంపూర్ణ చేతిలో పెట్టి, "ఏం రాసిన్రు అక్కా?" అని అడిగింది. అంతా ఇంగ్లీషు. సంపూర్ణ ఇంటర్ తప్పింది, ఇంగ్లీషులోనే తప్పింది. చర్చిలో అంత పేరున్న మనిషి, నర్సు ఎదురుగా, విస్తర్లు అమ్ముకునే మనిషి ముందు, నాకు రాదని ఎట్లా అంటుంది? కాసేపు కాగితం కేసి చూసి, "గర్భసంచి తీస్తరంట. అంతే. వెయ్యి," అంది. జంపక్క వేసింది.

ఆ తర్వాత సంగతి ఎవరూ సాక్ష్యం చెప్పుకోలేదు. ఆపరేషన్ అయిన రెండో నెలలోనే సంపూర్ణకు ఒంట్లో మంటలు మొదలయ్యాయి. డిసెంబరు చలిలో, కాలనీ అంతా మంకీ టోపీలు పెట్టుకు తిరుగుతుంటే, ఆమెకు మెడ మీదుగా వేడి ఎగదన్ని జాకెట్టు తడిసిపోయేది. నిద్ర కరువైంది. ఫ్యాను ఐదులో పెడితే ప్రభుకు జ్వరం, ఆపితే ఆమెకు ప్రాణం పోయినంత పని. చివరికి అతను దుప్పటి తీసుకుని ముందుగదిలోకి మారాడు. వారం రోజులకన్నాడు, ఆరేళ్లయింది. పిల్లికూన అడ్డమొస్తే కోపం, గిన్నె జారితే ఏడుపు, ఏమీ జరగకపోతే ఊరికే భయం, బుగులు. చర్చివాళ్లు చుట్టూ నిలబడి తలకు నూనె రాసి ప్రార్థన చేశారు. ఆమె ఉపవాసాలుంది. దేవుడు తన మీది నుంచి ముఖం తిప్పుకున్నాడని లోపల్లోపల అనుకుంది. ఖమ్మంలో ఖానాపురం హవేలి దగ్గర కిరాయి గదిలో ఉండి చదువుకునే కూతురు మహిమకు ఫోను చేసినప్పుడు మాత్రం, "నాకేం బిడ్డా, మంచిగున్న," అనేది.

జంపక్క రావడం మానేసింది. ఆమెకూ బాగాలేదని, ఇంట్లో ఉండకుండా చేను పక్క గుడిసెలో ఒక్కతే పడుకుంటోందని సంపూర్ణ చెవిన పడింది. వెళ్లి చూడాలనుకుంది. అనుకోవడంతోనే ఏళ్లు గడిచాయి. తన బాధే తనకు మోయలేనంత ఉండగా పక్కవాళ్ల బాధను ఎట్లా ఎత్తుకుంటుందని తనకు తానే సర్దిచెప్పుకుంది. మంగళవారం వచ్చిందంటే మాత్రం వరండాలో కూర్చునేది కాదు.

ఈ జనవరిలో ఒక ఆదివారం పాస్టరు అయ్యగారు ఆమెను ప్రార్థన చెయ్యమన్నారు. ఊళ్ల కోసం, రోగుల కోసం ప్రార్థించి, చివర కూతురి దగ్గరికి వచ్చింది. "ప్రభువా, నా బిడ్డ..." అంది. పేరు రాలేదు. తను కన్న పిల్ల, తను పెట్టిన పేరు. "నా బిడ్డ... నా బిడ్డ..." అంటూ చీకట్లో తడుముకున్నట్టు తడుముకుంది. కన్నీళ్లు కారాయి. చర్చి అంతా ఆమెను పరిశుద్ధాత్మ ఆవరించిందనుకుంది. "స్తోత్రం! స్తోత్రం!" అని చప్పట్లు కొట్టింది. అంతమంది చప్పట్ల మధ్య సంపూర్ణ అంత ఒంటరిగా ఎప్పుడూ నిలబడలేదు.

మర్నాడు ప్రభు డ్యూటీకి పోగానే, పాత ఆసుపత్రి కాగితాలు బైబిలు సంచిలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా భద్రాచలం బస్సెక్కింది. అక్కడి ప్రభుత్వ దవాఖానాలో పదకొండో నంబరు గది ముందు రెండు గంటలు నిలబడింది. లోపల డాక్టర్ ఆరాధన అనే ముప్పై ఏళ్ల అమ్మాయి ఉంది. సంపూర్ణ కుర్చీలో కూర్చుంటూనే, "మేడం, నాకు పిచ్చి లేస్తున్నదా? ఉన్నది ఉన్నట్టు చెప్పున్రి," అంది.

డాక్టరు ఆమె చెప్పిందంతా విని, కాగితాలు తిరగేసింది. ఒకచోట ఆగింది. "ఇది మీకెవరైనా చదివి చెప్పిన్రా అమ్మా?"

"లేదు మేడం. ఇంగ్లీషుల ఉంది."

"గర్భసంచి ఒక్కటే గాదు, రెండు అండాశయాలు గూడ తీసేసిన్రు."

"అవి గూడ పిల్లల కోసమే గద మేడం?"

"శానామంది గట్లనే అనుకుంటరు," అంది డాక్టరు. "అండాశయాల నుంచి ఈస్ట్రోజెన్ అని ఒక హార్మోన్ రక్తంల కలుస్తది. అది తిరిగే చోట్లల్ల మెదడు గూడ ఒకటి. అక్కడ న్యూరాన్లని నరాల కణాలుంటయి. కొన్నిటికి ఈ హార్మోన్‌ని అందుకునే రిసెప్టర్లుంటయి. మీది మణుగూరన్నరు గద? షిఫ్టు సైరన్ వింటరా?"

"వినకేం మేడం. పుట్టినకాడికెల్లి అదే."

"సైరన్ బొగ్గు తవ్వదు, బండి నడపదు. కానీ అది మోగకుంటే ఎవరు ఎప్పుడు పనికెక్కాల్నో, ఎప్పుడు దిగాల్నో తెల్వదు. ఈస్ట్రోజెన్ గూడ గంతే, కణాలకు సైగ ఇస్తది. ఒంటి వేడి చూసుకునే కణాలున్నయి. ఆ సైగ ఆగేసరికి అవి గాబరపడి, ఏం లేకున్నా ఒళ్లు కాలుతున్నదని చెమట పట్టిస్తయి. జ్ఞాపకం దాచే కాడ, కణాల కొమ్మల మీద సన్నటి మొలకలుంటయి. పక్క కణం మాట అందేది అక్కడనే. ఈస్ట్రోజెన్ ఉంటే అవి బాగ మొలుస్తయి, పడిపోతే తగ్గుతయి. నిద్రల, కోపంల, బుగులుల గూడ దాని చెయ్యి ఉంటది. మామూలుగ యాభై ఏండ్లకు అటిటుగ మెల్లమెల్లగ తగ్గుతది, మెదడు అలవాటు పడ్తది. మీకు ఒక్క పూటల ఆగిపోయింది."

ఒక్క పూటలో. తను సాక్ష్యంలో వాడిన మాటే అది.

"ఆ కణాలు చచ్చిపోయినయా మేడం?"

"లేదమ్మా. ఉన్నయి. పరీక్షలు చేసి, మీ ఒంటికి పడ్తదంటే ఆ హార్మోన్‌నే మందుగ ఇస్తం. మొత్తం మునుపటి లెక్కనే అయితదని మాట ఇయ్యలేను. శానా మటుకు మంచిగైతది. అప్పుడే ఇయ్యాల్సింది." డాక్టరు చీటీ రాస్తూ అంది. "మీకు తెలిసినోళ్లు గిట్ల ఇంకెవరన్న ఉంటే పంపున్రి. పెద్దోళ్లు గాకముందే తీసేసినోళ్లకు ఎముకలు, గుండె గూడ చూడాలె. ఎంత జల్దీ వస్తే అంత మంచిది."

సంపూర్ణ దవాఖానా మెట్ల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది. తను పిచ్చిది కాదు, పాపిష్టిది కాదు, దేవుడు ముఖం తిప్పుకోలేదు. పక్కన ఎవరో ముసలాయన, ఎవరు పోయారమ్మా అని జాలిగా అడిగాడు. ఎవరూ పోలేదని చెబుతుంటే ఆమెకు నవ్వొచ్చింది.

బస్సు గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి ఆ నవ్వు ఆరిపోయింది. జంపక్క కాగితం గుర్తొచ్చింది. అదే ఆసుపత్రి, అదే అచ్చు కాగితం. తన దాంట్లో ఉన్న వరుసలే దాంట్లోనూ ఉండి ఉంటాయి. జంపక్కకు ఇప్పుడు నలభై ఒకటి. మందుకు వేళ ఉంది, కానీ ఆమెను దవాఖానాకు రమ్మనాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే ఆ రోజు చదవలేదని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఆ మనిషి ఇంక జన్మలో తన ముఖం చూడదు. ఇంతకాలం రాకపోయినా, ఏదో ఒక మంగళవారం వస్తుందని ఆశ ఉండేది. చెబితే ఆ ఆశ కూడా ఉండదు. అడవి దాటి కాలనీ వచ్చేదాకా సంపూర్ణ ఈ లెక్కలోనే ఉండిపోయింది, దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ముందు చర్చిలో చెప్పాలనుకుంది. తప్పు అక్కడ మొదలైంది గనక అక్కడే దిద్దాలని ఆమె ఉద్దేశం. మనలో మాట, అది జంపక్క దగ్గరికి వెళ్లడం కన్నా తేలిక అని కూడా అనిపించింది. ఎక్కడ గొంతు తగ్గించాలో తెలిసిన చోటు గదా.

ఆదివారం లేచింది. ఈసారి కొంగు కళ్లకద్దుకోలేదు. "ఆరేండ్ల కింద ఈడనే నిలబడి మంచి ఆపరేషన్ అని చెప్పిన. నాకు తెల్వకుండ చెప్పిన. గర్భసంచితోని అండాశయాలు గూడ తీసేసిన్రంట. మన మెదడుకు వాటితోని పనుందంట. నాకు నిద్ర లేదు, ఒంట్ల మంటలు. పోయిన వారం నా బిడ్డ పేరే యాదికి రాలే. మీరు చప్పట్లు కొట్టిన్రు. నా మాట విని పోయిన అక్కలు ఎనమండ్రు ఈడనే ఉన్నరు. మీకు గూడ..."

అప్పటికే శాంతికుమార్ అయ్యగారు లేచి నిలబడ్డారు. మంచి మనిషే, కాకపోతే ఆడవాళ్ల ఆరోగ్యం మాట మైకులో వినపడితే ఆయనకు ముచ్చెమటలు పడతాయి. "సోదరి కోసం ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుందాం. ఇప్పుడు పాట పాడుకుందాం," అన్నారు. డోలక్ మోగింది. ఒక్క స్తోత్రం లేదు. ఎనిమిదిమందీ ముసుగులు ముందుకు లాక్కుని పాటల పుస్తకాల్లోకి చూస్తున్నారు. సంపూర్ణ మైకు పట్టుకుని కాసేపు నిలబడి, ఎవరూ తీసుకోకపోతే తనే స్టాండుకు తగిలించి కూర్చుంది.

చర్చి ముగిశాక బయట చెప్పుల దగ్గర సీతారావమ్మ ఎదురైంది. ఆ ఎనిమిదిమందిలో ఒకతె. ఎటో చూస్తూ, "ఏ నంబరు గది?" అంది.

"పదకొండు."

సీతారావమ్మ వస్తానని కూడా అనకుండా చకచకా నడిచి వెళ్లిపోయింది.

ప్రభు బండి మీద ముందే ఇంటికి వెళ్లిపోయాడు. సంపూర్ణ నడిచి వచ్చేసరికి ముందుగదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఇంటి గుట్టు రచ్చకెక్కించావని తిడతాడనుకుంది. అతను నేల చూస్తూ, "సంతకం పెట్టింది నేనే గద. ఏం రాసిన్రో నాకు గూడ తెల్వదు," అన్నాడు. టిఫిన్ డబ్బా తనే సర్దుకుని రెండో షిఫ్టుకు వెళ్లాడు.

మంగళవారం వచ్చింది. ఇన్నాళ్లూ జంపక్క తన దగ్గరికి నడిచి వచ్చిన దారిలో ఈసారి సంపూర్ణ నడిచింది. రోడ్డు దిగాక మూడు మైళ్లు. ఇదంతా నెత్తిన బరువుతో ఎట్లా నడిచేదో అనుకుంది. ఊళ్లో జంపక్క భర్త భద్రయ్య ఎదురై, చేను వైపు చెయ్యి చూపించాడు.

నాలుగు గుంజల మీద తాటాకు కప్పిన గుడిసె. గోడలు లేవు, నాలుగు వైపులా గాలి. జంపక్క ఈనెపుల్లలతో విస్తరి కుడుతోంది. జుట్టు నెరిసింది. సంపూర్ణను చూసి లేవలేదు, కూర్చోమనలేదు. సంపూర్ణే కింద కూర్చుంది.

"ఆరేండ్లాయె. ఇప్పుడు తొవ్వ కనపడ్డదా అక్కా?"

"తప్పయింది జంపక్కా."

జంపక్క ఇంకో ఆకు అందుకుంది. సంపూర్ణకు తెలిసిన సాక్ష్యం పద్ధతులేవీ అక్కడ పనికిరాలేదు. "ఆ దినం నీ కాగితం నేను చదవలే," అంది గబగబా. "ఇంగ్లీషుల ఉండె. నాకు రాదు. వచ్చినట్టు చేసిన. సంచి ఒక్కటే గాదు, నీయి అండాశయాలు గూడ తీసేసిన్రేమో. నాయి తీసేసిన్రు. ఈ మంటలు, నిద్ర లేకపోవుడు, బుగులు, అన్నీ దానికే. దయ్యం గాదు, పాపం గాదు." ఆపైన డాక్టరు చెప్పిందంతా చెప్పింది. సైరన్ సంగతి చెప్పింది. ఆ పల్లెలోనూ గని సైరన్ వినపడుతుంది, దాన్ని బట్టే అక్కడి ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెడతారు. చెప్పడం అయ్యాక తల వంచుకుని, తిట్లకోసం ఎదురుచూసింది.

జంపక్క చేతిలో పుల్ల ఆగింది. "మెడ మీదికెల్లి లేస్తదా మంట?"

"అవ్. ఈడికెల్లి. నెత్తి దాక."

"నాకు గూడ గంతే. ఏ చెట్టుకు ఏం ఆకో మరిచిపోతున్న అక్కా. అడవిల పుట్టినదాన్ని. ఒకనాడు అడ్డాకు తీగ ముంగట నిలబడి, దీని పేరేందని ఏడ్చిన." ఆగి మళ్లీ అంది. "మా ఆయన పూజ చేయించిండు. మూడు కోళ్లు కోసిన్రు."

"మావోళ్లు నూనె రాసిన్రు."

జంపక్క ఆమెను ఎగాదిగా చూసింది. "కోళ్లయితే కూరన్న అయినయి," అంది. ఇద్దరూ నవ్వారు. ఆరేళ్ల తర్వాత వచ్చిన నవ్వు గనక సగంలోనే ఏడుపైంది, దాన్ని ఎవరూ ఆపుకోలేదు.

కాసేపటికి జంపక్క ముక్కు చీది, మళ్లీ ఆకు అందుకుంది. "నువ్వు చదవలేదని నాకు తెల్సు," అంది.

సంపూర్ణకు అర్థం కాలేదు. "ఏంది?"

"ఆ దినమే తెల్సు. నీ వేలు కదలలే. ఎన్నేండ్లు చూసిన నీ వేలును? చీమ పోయినట్టు పోయేది, ఆ దినం ఒక్క కాడనే నిలబడ్డది."

"మరి వేలుముద్ర ఎందుకేసినవే?"

జంపక్క విస్తరి అంచు చూసుకుంటూ మెల్లగా అంది. "ఆ నర్సు ముంగట నువ్వు సిగ్గుపడ్తవని."

సంపూర్ణ పరువు కోసం అబద్ధమాడింది. ఈ మనిషి ఆ పరువు నిలబెట్టడానికి తన ఒళ్లే ఇచ్చేసింది, ఇచ్చి ఆరేళ్లు గోడల్లేని గుడిసెలో ఒక్కతే కూర్చుంది, ఎవరితోనూ అనలేదు. ఏడుపుకు కూడా అందనంత బాధ వేసింది సంపూర్ణకు. జంపక్క పాదం పట్టుకోబోతే ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

"ఊకో అక్కా. కాలు పట్టుకుంటే ఏమొస్తది?"

గని సైరన్ మోగింది. జంపక్క అలవాటుగా ఎసరు పెట్టడానికి లేచి, చేతిలో ఆకుతో అక్కడే ఆగింది. "ఆ దవాఖానాకు బస్సు ఎన్ని గంటలకు?"

"తొమ్మిదింటికి. రేపే పోదామా?"

"పోదాం. అక్కడ గూడ కాగితాలిస్తరా?"

"ఇస్తరు," అంది సంపూర్ణ. "ఈసారి నాకు రాదని చెప్త. డాక్టరమ్మతోనే చదివిద్దాం. నీ ముంగట, గట్టిగ."

జంపక్క తలూపి పొయ్యి దగ్గరికి నడిచింది. రెండు గ్లాసుల బియ్యం తీసింది. సంపూర్ణ కేసి చూసి ఇంకో గ్లాసు పోసింది.